గుంట నిండితే తీసేదెవరు?

2021వ సంవత్సరము వేసవిలో ఒక సాయంకాలము గృహ ప్రార్థన నిమిత్తము మేము పేటలోని ఒక ఇంటికి వెళ్ళాము. ఆ ఇంటి కోడలు రెండు రోజుల క్రితమే బిడ్డతో ఆసుపత్రి నుండి తిరిగి వచ్చినది. ఏడాదిన్నర పిల్లవాడికి వాంతులు, విరేచనాలు పట్టుకొని సెలైను ఎక్కించవలసి వచ్చినదట. బిడ్డ దక్కాడని ఇంటిల్లిపాది సంతోషముగా ఉన్నారు. వాడు మాత్రము వాడిన తోటకూర కాడవలె తల్లి భుజము మీద వాలి పడుకొని యున్నాడు.

ప్రార్థన ముగిసిన తరువాత చేతులు కడుగుకొనుటకు పెరటిలోనికి వెళ్ళాము. అక్కడ ఒక మరుగుదొడ్డి కనిపించినది. నీలిరంగు వేసిన గోడలు, రేకు తలుపు, గోడ మీద ప్రభుత్వ పథకము పేరు. తలుపు తీసి చూస్తే లోపల నడుము ఎత్తున పిడకలు, పుల్లలు, ఒక మూల పాత సైకిలు చక్రము!

"ఇదేమిటి మామ్మా, దీన్ని వాడడం లేదా?" అని ఆ ఇంటి పెద్దామెను అడిగాము.

"కట్టిన కొత్తలో నాలుగు రోజులు పిల్లలు వెళ్ళారండి అయ్యగారూ. నేనే వద్దన్నాను. ఇంతమందిమి వెళితే ఆ గుంట ఎన్నాళ్ళు వస్తుంది? అది నిండితే తీసేదెవరు?" అన్నదామె.

ఆ ప్రశ్నకు మా యొద్ద జవాబు లేదు. తిరిగి వచ్చుచుండగా, చీకటి పడే వేళ, అత్తాకోడళ్ళు చెంబులు పట్టుకొని చెరువు గట్టు వైపు నడిచి వెళ్ళుట చూశాము. ఆ చెరువు గట్టు దిగువనే మన పేట పిల్లలు ఆడుకొందురు.

కట్టిన గది, కలగని నమ్మకము

ఆ మరుసటి వారము స్త్రీల సమాజపు సహోదరీలతో కలిసి మేము పేట అంతయు ఇల్లిల్లు తిరిగి చూశాము. కొన్ని ఇండ్లలో మరుగుదొడ్డిని శుభ్రముగా వాడుచున్నారు. కొన్నిటిలో అది ఆడపిల్లలకు, చుట్టాలకు మాత్రమే. మగవారికి పొలము గట్టే అలవాటు. మరికొన్నిటికి తాళము వేసి యున్నది, లేదా కట్టెల కొట్టుగా మారినది. నీళ్ళు లేవని ఒకరు, వాసన వస్తుందని ఒకరు, ఇంటి ప్రక్కనే అటువంటిది ఎలా ఉంచుకొందుమని ఒకరు చెప్పారు. మాటలు ఎన్ని చెప్పినా చివరకు అందరి భయము ఒక్కటే. గుంట నిండితే ఎట్లా?

మన దేశములో ఈ విషయమై జరిగిన ప్రయత్నము చిన్నది కాదు. 2014 అక్టోబరు 2న స్వచ్ఛ భారత్ కార్యక్రమము ఆరంభమైనది. గ్రామాలలో అర్హతగల కుటుంబానికి మరుగుదొడ్డి నిమిత్తము 12,000 రూపాయలు ఇచ్చారు. అయిదేండ్లలో కోట్లాది మరుగుదొడ్లు లేచినవి. 2019 అక్టోబరు 2న గ్రామీణ భారతము బహిరంగ మలవిసర్జన లేనిదిగా ప్రకటింపబడినది. అయినను, 2019-21 మధ్య జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశము మొత్తము మీద నూటికి 19 కుటుంబాలు ఏ మరుగుదొడ్డినీ వాడుట లేదని తేలినది. గోడలు కట్టుటకు డబ్బు చాలును. మనసు మారుటకు ఆ ప్రశ్నకు జవాబు కావలెను.

మేము చేసిన తప్పు

మామ్మ అడిగిన మాట మమ్మును అంతగా గుచ్చుటకు వేరొక కారణమున్నది. దానిని దాచక చెప్పుట మంచిది.

మందిరము వెనుకనున్న మా ఇంటి మరుగుదొడ్డికి ఒక గుంట ఉండెడిది. మేస్త్రీ దానిని "సేఫ్టీ ట్యాంకు" అన్నాడు గాని, నిజానికి సిమెంటు వరలు దించిన ఒకే ఒక గుంట. 2017లో అది నిండి పొంగినది. సంఘ పెద్దలతో మాట్లాడి పట్టణము నుండి ఇద్దరు మనుష్యులను పిలిపించాము. ఒకడు పైన నిలిచి తాడు పట్టుకొనగా, ఇరువది యేండ్లు దాటని కుర్రవాడు బకెట్టుతో లోపలికి దిగినాడు. మేము కిటికీలు మూసుకొని ఇంట్లో కూర్చున్నాము. పని అయిన తరువాత కూలి ఇచ్చాము, టీ కూడ ఇచ్చాము. అయితే మా ఇంటి గ్లాసులలో ఇవ్వలేదు. త్రాగి పారవేసే కాగితపు గ్లాసులలో ఇచ్చాము.

ఆ ఆదివారము ఆరాధన తరువాత, మున్సిపాలిటీలో పారిశుద్ధ్య పని చేసి పదవీ విరమణ చేసిన ఒక పెద్దాయన మా యొద్దకు వచ్చి మెల్లగా అన్నాడు: "అయ్యగారూ, మా నాయన ఆ పనే చేసి చేసి పోయాడండి. పోనీ, ఆ కుర్రోడి పేరైనా అడిగారా?"

మేము అడుగలేదు.

మన తాతలకు ఊరి హోటళ్ళలో వేరే గ్లాసు పెట్టిన దినములను మనము మరచిపోలేదు. ఆ కథలను మన పిల్లలకు బాధతో చెప్పుచున్నాము. అట్టి మనమే, మన మందిరపు ఆవరణములోనే, మరియొక బీదవాని కొడుకు చేతికి వేరే గ్లాసు అందించాము. ఆ దినమున ఆ కుర్రవాడు ప్రాణముతో పైకి వచ్చినది మా జాగ్రత్త వలన కాదు.

ఏలయనగా మూసియున్న మలపు గుంటలో విషవాయువులు పుట్టును. అందులో హైడ్రోజన్ సల్ఫైడ్ అనునది ఎక్కువగా ఉన్నచో కొద్ది క్షణాలలోనే మనిషి స్పృహ తప్పును. పడిపోయిన వానిని రక్షింపబోయి వెంట దిగిన వాడు కూడ చనిపోవుట వార్తలలో తరచు చూచుచున్నాము. మనిషి చేత మలమును ఎత్తించుటను నిషేధించుచు 1993లో ఒక చట్టము, దానికంటె గట్టిగా 2013లో మరియొక చట్టము వచ్చినవి. రక్షణ సామగ్రి ఇవ్వకుండ మనిషిని సెప్టిక్ ట్యాంకులోనికి దించుట నేరము. అట్లు చనిపోయిన వారి కుటుంబానికి 10 లక్షల రూపాయలు ఇవ్వవలెనని సుప్రీంకోర్టు 2014 మార్చిలో ఆజ్ఞాపించినది. మురుగు కాలువలలో చనిపోయిన వారి విషయములో ఆ మొత్తమును 2023 అక్టోబరులో 30 లక్షలకు పెంచినది. ఈ పని అంతము కావలెనని ఏండ్ల తరబడి పోరాడిన వారిలో బెజవాడ విల్సన్ గారు ఒకరు. కర్ణాటకలోని కోలారు బంగారు గనుల పట్టణములో, ఆ పని చేసిన తెలుగు కుటుంబములోనే ఆయన జన్మించారు. సఫాయి కర్మచారి ఆందోళన్ ద్వారా ఆయన చేసిన కృషికి 2016లో రామన్ మెగసెసే అవార్డు లభించినది.

కాబట్టి "తీసేదెవరు?" అని మామ్మ అడిగినది తెలివితక్కువ ప్రశ్న కాదు. ఆ పని ఎవరి నెత్తిన పడునో ఆమెకు బాగుగా తెలియును. తన ఇంటివారు ఆ పని చేయుట ఆమెకు ఇష్టము లేదు. మరియొకరి చేత చేయించుటకు ఆమె యొద్ద డబ్బు లేదు. అందువలన తలుపు మూసినది.

రెండు గుంటల జవాబు

జవాబు కొరకు మేము మండల కార్యాలయములో నీటి సరఫరా ఇంజనీరును కలిసాము. ఆయన ఒక కాగితము మీద రెండు వృత్తాలు గీసి అరగంటలో అంతయు చెప్పాడు. ఆ అరగంట మాట పదేండ్లుగా మన పేటలో ఎవరును చెప్పలేదు.

మరుగుదొడ్డికి ఒక గుంట కాదు, రెండు గుంటలు ఉండవలెను. ఒక్కొక్కటి సుమారు ఒక మీటరు వెడల్పు, ఒక మీటరు పైచిలుకు లోతు. రెంటికి మధ్య కనీసము ఒక మీటరు ఎడము. గుంట గోడ ఇటుకలను సందులు వదలి పేర్చవలెను. అడుగున సిమెంటు చేయరాదు. అప్పుడు నీరు చుట్టునున్న మట్టిలోనికి ఇంకిపోవును, వాయువు మట్టిలో కలిసిపోవును, మిగిలేది కొంచెమే. సిమెంటు వరలు దించేవారు వాటికి రంధ్రాలు ఉండునట్లు చూచుకొనవలెను. రంధ్రాలు లేని వరలలో నీరు ఇంకక గుంట త్వరగా నిండును. మా గుంటకు జరిగినది అదే.

మరుగుదొడ్డి నుండి వచ్చే గొట్టము మొదట ఒక చిన్న తొట్టిలోనికి వచ్చును. అక్కడ నుండి రెండు దారులు రెండు గుంటలకు చీలును. ఒక దారిని ఇటుకతో మూసి ఒక్క గుంటనే వాడవలెను. అయిదారుగురున్న కుటుంబానికి ఒక గుంట సుమారు అయిదేండ్లు వచ్చును. అది నిండగానే ఆ దారి మూసి రెండవ దారి తెరువవలెను. నిండిన గుంటను ముట్టకుండ రెండేండ్లు వదలివేయవలెను. ఆ కాలములో సూక్ష్మక్రిములు చచ్చును. అన్నిటికంటె మొండివైన ఏలికపాముల గ్రుడ్లు కూడ నశించును. మలము వాసన లేని నల్లని మట్టిగా మారును. 1970లో బీహారులో సులభ్ సంస్థను స్థాపించిన బిందేశ్వర్ పాఠక్ గారు ఈ పద్ధతిని దేశమంతట వ్యాపింపజేసినవారిలో ముఖ్యులు.

కొన్ని జాగ్రత్తలు కలవు. త్రాగునీటి బావికి, బోరుకు కనీసము 10 మీటర్ల దూరములో గుంటలు తీయవలెను. రెండు గుంటలను ఒకేసారి వాడరాదు. స్నానపు నీరు, వాననీరు గుంటలోనికి పోరాదు. నల్లరేగడి నేలలో నీరు త్వరగా ఇంకదు గనుక గుంట కొంచెము పెద్దదిగా ఉండవలెను. డెల్టా ప్రాంతములో కొద్ది అడుగులలోనే నీరు పడును. అక్కడ లోతు తగ్గించి, గుంటను నేలకంటె ఎత్తుగా కట్టవలెను. మేస్త్రీ మాట మీదనే ఆధారపడక ఇంజనీరును ఒకసారి అడుగుట మేలు.

ఇదంతయు వినుటకు బాగుగానే ఉన్నది, కాని నమ్మేదెట్లు? ఇంజనీరు గారు మాకు గంగదేవిపల్లి సంగతి చెప్పారు. తెలంగాణలో వరంగల్ ప్రాంతములోని ఆ గ్రామానికి 2017 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వ త్రాగునీటి, పారిశుద్ధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ గారు వచ్చారు. అనేక రాష్ట్రాల అధికారులు కూడ ఆయనతో వచ్చారు. మగ్గిన గుంటను తెరిపించి, ఆయన తానే అందులోనికి దిగి ఎరువును ఎత్తి పోశారు. ఢిల్లీలో కూర్చుండే ఉన్నతాధికారి చేయగా లేనిది, సంఘ కాపరి చేయకూడదా?

మా చేతులతోనే

2021 నాటికి మా గుంట మరల నిండుటకు వచ్చినది. ఈసారి ఎవరినీ పిలువలేదు. దాని ప్రక్కన రెండవ గుంట త్రవ్వి, మధ్యలో తొట్టి కట్టించి, దారి మళ్ళించాము. పాత గుంట మీద మూత పెట్టి, తేదీ వ్రాసి వదలివేసాము.

2023 మే నెలలో, రెండేండ్లు నిండిన తరువాత, ఒక శనివారము ఉదయము దానిని తెరిచాము. ఆదివారము ప్రకటనలలో ముందుగానే చెప్పియున్నందున పేటలో సగము మంది వచ్చారు. కొందరు ముక్కుకు చెంగు అడ్డము పెట్టుకొని దూరముగా నిలిచారు. ముందు రోజే మూత తీసి గాలి ఆడనిచ్చాము. లోపల పొడిగా ఉన్నదో లేదో కర్రతో చూచాము. తడిగా ఉన్నయెడల మూసి మరికొంత కాలము ఆగవలెనని ఇంజనీరు గారు చెప్పియున్నారు. ఆ తరువాత మేమును, మా సంఘ పెద్దయు బూట్లు, చేతి తొడుగులు వేసుకొని పారలు పట్టుకొన్నాము. మొదటి తట్ట ఎత్తేటప్పుడు మా కడుపులో కూడ త్రిప్పినదని ఒప్పుకొనుచున్నాము.

పైకి వచ్చినది మట్టి. నల్లగా, పొడిపొడిగా, తొలకరి వాన పడిన చేను వాసనతో ఉన్నది. పదకొండు గంటలకెల్ల పని ముగిసినది. ఆ ఎరువు మందిరము చుట్టునున్న కొబ్బరి మొక్కలకు వేసాము. మున్సిపాలిటీలో పని చేసిన ఆ పెద్దాయన గట్టు మీద కూర్చుండి అంతయు చూచుచుండెను. చివరకు లేచి, "మా నాయన ఉంటే చూసేవాడు" అని మాత్రమే అన్నాడు. ఆ దినమున అందరికీ మా ఇంటి గ్లాసులలోనే టీ ఇచ్చాము.

ఇశ్రాయేలీయులు అరణ్యములో ఉన్న కాలములో, దండు వెలుపల ఒక చోటు ఏర్పరచుకొని, త్రవ్వుటకు ఒక పనిముట్టు వెంట ఉంచుకొని, మలమును మట్టితో కప్పివేయవలెనని ధర్మశాస్త్రము విధించిన సంగతి ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయములో కలదు. ప్రతివాడును తనది తానే కప్పుకొనవలెను. ఆ పని కొరకు ఒక జాతిని ఏర్పరచలేదు. శిష్యుల పాదములు కడుగుటకు తువాలు కట్టుకొన్న గురువును వెంబడించు మనకు, పారను పట్టుకొనుట అవమానము కాదు.

గుంట ఒక్కటే చాలదు

పిల్లవాని విరేచనాల సంగతి మరచిపోరాదు. మరుగుదొడ్డి ఉన్న ఇంట కూడ బిడ్డలకు జబ్బు వచ్చుటకు మూడు కారణాలు మన పేటలలో కనిపించుచున్నవి.

మొదటిది, పసిబిడ్డ మలములో దోషము లేదను నమ్మకము. పెద్దవారి మలమువలెనే అందులోను క్రిములు ఉండును. దానిని కాలువలో, చెత్తకుప్పలో పారవేయక మరుగుదొడ్డిలోనే వేయవలెను.

రెండవది, చేతులు. ఉత్త నీళ్ళతో తడుపుకొనుట కడుగుకొనుట కాదు. మరుగుదొడ్డికి వెళ్ళి వచ్చిన తరువాత, బిడ్డను కడిగిన తరువాత, వండుటకు ముందు, తినుటకు, తినిపించుటకు ముందు సబ్బుతో 20 సెకనులు రుద్ది కడుగవలెను. ఈ ఒక్క అలవాటు వలన విరేచనాలు దాదాపు మూడింట ఒక వంతు తగ్గునని వైద్యులు చెప్పుచున్నారు. కుళాయి లేని ఇంట ఒక ప్లాస్టిక్ సీసాకు చిన్న రంధ్రము చేసి, నీళ్ళు నింపి, దొడ్డి తలుపు ప్రక్కన వ్రేలాడదీయండి. పాత గుడ్డలో సబ్బు ముక్క కట్టి దాని ప్రక్కనే ఉంచండి. సబ్బు కనబడు చోట ఉన్ననే చెయ్యి దాని మీదకు పోవును. ప్రేమ విందులలో కూడ విస్తళ్ళు వేయక ముందే చేతులు కడుగు చోటు ఏర్పాటు చేయుట సంఘ పెద్దల బాధ్యత.

మూడవది, చెప్పులు లేని కాళ్ళు. ఆరుబయట మలముతో కలిసిన తడి నేల నుండి కొంకిపురుగులు అరికాలి చర్మము గుండా లోనికి పోవును. అవి ప్రేగులలో రక్తము పీల్చుట వలన పిల్లలు, గర్భిణులు పాలిపోదురు. 2015 నుండి ప్రభుత్వము నులిపురుగుల నివారణ దినమున బడులలో, అంగన్‌వాడీలలో ఆల్బెండజోల్ మాత్రలు ఇచ్చుచున్నది. పిల్లలను ఆ దినమున బడి మాన్పించకండి.

విరేచనాలు పట్టుకొన్నచో నీళ్ళు ఇస్తే ఎక్కువగునని కొందరు తల్లులు నోరు ఎండగట్టెదరు. అది ప్రాణాంతకము. బిడ్డలు చనిపోవునది ఒంటిలోని నీరు పోవుట చేతనే. ఆశా కార్యకర్త యొద్ద ఓ.ఆర్.ఎస్. పొట్లము దొరుకును. దాని మీద వ్రాసిన కొలత ప్రకారము శుభ్రమైన నీటిలో కలిపి కొంచెము కొంచెముగా త్రాగించవలెను. పొట్లము లేనప్పుడు ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు సమపు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు కలుపవచ్చును. ఉప్పు ఎక్కువ కారాదు. తల్లిపాలు మానకూడదు. ఆరోగ్య కేంద్రములో ఇచ్చే జింకు మాత్రలు చెప్పినన్ని దినములు వేయవలెను. కండ్లు లోతుకు పోయినను, మూత్రము రాకపోయినను, మలములో రక్తము పడినను, బిడ్డ త్రాగలేకపోయినను ఆలస్యము చేయక ఆసుపత్రికి తీసికొని వెళ్ళండి.

ఈ వారమే

ప్రియ పాఠకులారా, ఈ పత్రిక మూసివేయక ముందు మీ పెరటిలోనికి ఒకసారి వెళ్ళి చూడండి. మీ మరుగుదొడ్డికి ఒక గుంటయా, రెండా? దారి మళ్ళించు తొట్టి ఉన్నదా? ఉన్నచో ఇప్పుడు ఏ గుంట వాడుకలో ఉన్నది? ఇంట ఎవరెవరు దానిని వాడుచున్నారు, ఎవరు వాడుట లేదు? సబ్బు ఎక్కడ ఉన్నది? ఒకే గుంట ఉన్నవారు అది నిండక మునుపే రెండవది త్రవ్వించుకొనండి. సెప్టిక్ ట్యాంకు ఉన్నవారు యంత్రము గల బండిని పిలిపించండి. ఎంత తొందరయైనను, ఎంత తక్కువ కూలికి వచ్చినను, మనిషిని మాత్రము లోపలికి దించకండి.

మా పేటలో అందరును మారలేదు. కొన్ని తలుపులకు ఇంకను తాళాలు ఉన్నవి. అలవాటు ఒక దినమున పోవునది కాదు. అయితే ఆ శనివారము మామ్మ కూడ వచ్చినది. అందరును వెళ్ళిన తరువాత ఎరువు కుప్ప యొద్దకు వచ్చి, ఒక గుప్పెడు చేతిలోనికి తీసికొని, నలిపి, వాసన చూచి, క్రింద వదలినది. ఏమియు అనలేదు. కుళాయి యొద్దకు పోయి చేతులు కడుగుకొని ఇంటికి వెళ్ళినది.

సోమవారము ఉదయము మేము ఆ దారిన పోవుచుండగా, ఆమె మనుమలు పెరటిలో నుండి పిడకలను బయటకు మోయుచున్నారు.